అంచనాకి అందని పెదవి

సెలూన్ నడిపే ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉండేదని బడిలో ఎవడో "గరిటె" అన్నాడు, అదే ఖాయమైపోయింది. ఆయనా నవ్వుతూనే పలికేవాడు. కానీ పై పళ్ళూ కింది పళ్ళూ కలవక, ఏదైనా ఓ పక్కకి తోసుకుని నమలాల్సి వచ్చేది. చూసినవాళ్ళు నవ్వుతారని నలుగురిలో తినేవాడు కాదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా భోజనాల వేళకి మొహం చాటేసేవాడు.

దవడ కీలు నొప్పి ముదిరాక, ఆయన్ని పెంచి పెద్దచేసిన అక్క ఆసుపత్రికి లాక్కెళ్ళింది. పళ్ళకి క్లిప్పులు వేసి వరస సరిచేశారు. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ ఇద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆయన ఫొటోలో దవడని కాస్త వెనక్కి జరిపింది.

అక్క కుర్చీలోంచి దిగ్గున లేచింది. "ఒరేయ్, ఇది నా మొహంరా! మీసం ఒక్కటే ఎక్కువ!"

గరిటె బొమ్మ వైపూ అక్క వైపూ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్ళూ ఆ పోలిక దవడ చాటున దాక్కుందన్నమాట.

"ఇది అంచనా మాత్రమే," అంది డాక్టరమ్మ. "ఎముక ఎక్కడికి జరుగుతుందో గట్టిగా చెప్పగలను. దాని మీది చర్మం, పెదవి ఎలా సర్దుకుంటాయో అంత గట్టిగా చెప్పలేను. ముఖ్యంగా కింది పెదవి. బాగా ఆలోచించుకోండి."

అచ్చం బొమ్మలాగే వస్తుందని ఆమె చెప్పి ఉంటే గరిటె భయపడేవాడేమో. తెలియనిది తెలియదని చెప్పిన మనిషి చేతిలో మొహం పెట్టడానికి ఆయనకి ధైర్యం వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక మొహం దిండులా ఉబ్బింది. అక్క సిరంజితో పాలు పడుతుంటే అద్దం చూసుకుని బిక్కమొహం వేశాడు. నోరు తెరవరాక, "ఆ బొమ్మ ఏదే?" అని చేత్తో సైగ చేశాడు.

"వాపు తీయనీరా తొందరగాడా! ఆవిడ ముందే చెప్పింది కదా," అని కసిరి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నెలలు గడిచి వాపు తీసింది. డాక్టరమ్మ పాత బొమ్మనీ కొత్త ఫొటోనీ పక్కపక్కన పెట్టింది. గడ్డం అనుకున్నట్టే కుదిరింది. కింది పెదవి మాత్రం ఎడమవైపు కొంచెం లావుగా నిలిచిపోయింది.

"ఇక్కడ నా లెక్క తప్పింది," అందామె.

"అమ్మా, నేను చేసిన క్రాపుల్లో అడిగినవాళ్ళు చెప్పినట్టు వచ్చినవాటికంటే కూడా ఇది నయం," అన్నాడు గరిటె. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

ఆ రెండు ఫొటోలూ మిగతా రోగులకి చూపించవచ్చా అని అడిగింది.

"చూపించండమ్మా. పెదవి సంగతి కూడా దాచకండి. మీరు దాచలేదనే నేను ఆపరేషన్ బల్ల ఎక్కాను."

అక్క డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

బయటికొచ్చాక ఎదురుగా ఉన్న హోటల్లోకి గరిటే ముందు నడిచాడు. మూల బల్ల ఖాళీగా ఉన్నా పోకుండా, నడి హాల్లో కుర్చీ లాక్కుని, "అక్కా, ఆకలేస్తోంది, కూర్చోవే," అన్నాడు.