మా ఆయన రంగేసిన పూలు

ఆ రోజుల్లో ఒక తీగ పేరు తెలుసుకోవాలంటే పదిమందిని అడగాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్ ఎదురుగా పెడితే అదే చెప్పేస్తుంది. నాకు సంతకం తప్ప చదువు రాదు గనుక (ఆ సంతకం కూడా రోజుకో తీరుగా వస్తుంది) నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నేను తిట్టిన చోట తిట్లే రాయాలని ముందే చెప్పాను. సగం మింగేస్తుందని నాకు తెలుసు.

పెళ్లై సూరత్ వచ్చేనాటికి నాకు పందొమ్మిదేళ్లు. బమ్రోలిలో పది గదుల వరస, అందరికీ కలిపి ఒకటే నల్లా. మాది చివరి గది కాబట్టి వెనక రెండు బారల మట్టి మాకు దక్కింది. అందులో మా అత్తమ్మ కొత్తిమీర, పుదీన, రెండు మిరపచెట్లు పెట్టి దాన్ని తోట అనేది. కొత్త కోడల్ని, నేనూ తోటే అన్నాను. గోడవార మోకాలెత్తు తీగ ఒకటి ఉండేది, ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. నాకు హిందీ రాదు, గుజరాతీ అసలే రాదు, మా ఆయనకేమో పన్నెండు గంటల డ్యూటీ. ఇక మాట్లాడటానికి నాకు దొరికింది ఆ తీగే. మగ్గాల కార్ఖానా బయట పారేసిన దారాలు ఏరుకొచ్చి, గోడకు మేకులు కొట్టి, దాన్ని పైకి ఎక్కించాను. "నువ్వన్న నా మాట వింటున్నవే" అనేదాన్ని దానితో. రెండో వానాకాలానికి గోడంతా కమ్మేసి పూత పూసింది.

పూసింది సరే, ఆ పూత చూసి నాకు మతిపోయింది. సాయంత్రం విచ్చినప్పుడు తెల్లగా ఉండే పూలు మర్నాటికి గులాబీ రంగు, ఆ మర్నాటికి ఎరుపు. పొడుగు కాడలతో తలకిందులుగా వేలాడే ఒకే గుత్తిలో మూడు రంగులు. వాసన నల్లా దాకా కొట్టేది. మా వరసలో ఉన్నవాళ్లందరం కరీంనగర్ వైపు పల్లెలవాళ్లమే, ఒక్కరికీ దాని పేరు తెలియలేదు. ఐదో నంబరు గది వదినె మాత్రం "మల్లెనే పిల్లా, జర పిచ్చి లేసింది దీనికి" అని తేల్చేసింది. మా అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఏందో ఎరుక లేని తీగను ఇంటెనక పెట్టుకుంటమా? దీపావళికి గోడకు సున్నమెయ్యాలె. ఆలోపట దీని పేరేందో చెప్పు, ఉంచుత. లేకుంటే కొడవలే" అంది. నాకు పది రోజులు మిగిలాయి.

గోడ అవతల రంగుల మిల్లు కాలువ పారేది. ఒకరోజు ఎర్రనీళ్లు, ఒకరోజు నీలం. కాలువ దాటొచ్చిన కుక్కలకు కాళ్లు నీలంగా ఉండేవి. మా ఆయన పదేళ్లు మగ్గం నడిపి, ఆ మిల్లులోనే రంగుల ఖాతాకు, అంటే బట్టకు రంగెక్కించే పనికి, మారాడు. నా బుర్రకు ఇంకేం కావాలి! "ఇగో, మీ మిల్లు నీళ్లు తాగుడుతోనే ఈ పూలకు రంగెక్కుతున్నది" అన్నాను అన్నం పెడుతూ. నా మాట ఏనాడూ చెవిన పెట్టనివాడు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "అవునే! మన ఎరుపు గట్లనే ఉంటది. పక్కా రంగు, ఎంత ఉతికినా పోదు" అన్నాడు. "మరి నీలం నీళ్లు పారిన దినం నీలం పూలెందుకు పుయ్యలే?" అని గుమ్మంలోంచే అడ్డం పడింది ఐదో నంబరు వదినె. "నీలం పట్టాలంటే మస్తు వేడి గావాలె వదినె. తీగకు గంత వేడి ఏడికెళ్లొస్తది?" అన్నాడు, రంగులన్నీ తానే కనిపెట్టినట్టు. నేనూ నమ్మేశాను. మర్నాటి నుంచి మిల్లు దోస్తులు ముగ్గురు నలుగురు చొప్పున వచ్చి చూసేవాళ్లు. ఈయన గోడ పక్కన నిలబడి "ఇది నిన్నటి రంగు, ఇది మొన్నటిది" అని వేలితో చూపించేవాడు.

అత్తమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది. "అయితే ఇది ఆ కాలువ నీళ్లు తాగుతున్నదన్నట్టు. దాని పక్కపొంటే నా కొత్తిమీర ఉన్నది. ఆ రంగంతా మన పప్పులకే గద వచ్చేది? ఇగ పేరు గీరు ఏమొద్దు. ఐతారం సున్నమేసేటోడు వస్తడు, పొద్దుగాలే కోస్త." అయిపోయింది. తీగను కాపాడాలని తిరిగినదాన్ని, నా తెలివితోనే దాని మెడ మీదికి కొడవలి తెచ్చాను.

ఇంతలో మిల్లులో బాయిలర్ చెడిపోయి పని బంద్ అయింది. కాలువ ఎండిపోయింది. ఆ సాయంత్రం కొత్త మొగ్గలు తెల్లగా విచ్చుకుంటుంటే నాకు ఉపాయం తట్టింది. మగ్గం మీద బట్టలో తప్పు పడితే, ఆ చోటు తెలియడానికి అంచుకు చిన్న దారం కడతారు. నేనూ ఒక తెల్ల పువ్వు కాడకు దారం కట్టబోయాను. మా ఆయన లాక్కున్నాడు. "నువ్వు పువ్వును మార్చినా మారుస్తవ్. నేనే కడ్త" అని, పోగు తెగినప్పుడు మగ్గంవాళ్లు వేసే ముడి వేశాడు. "తెల్లగనే ఉంటది సూడు. నేను పనిల లేను గద!" అన్నాడు. తెల్లారేసరికి పువ్వు గులాబీ. "కాలువల ఇంక తడున్నది" అన్నాడు. శనివారానికి ఎర్రగా అయింది. వంగి దారాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. "ముడి నాదే" అన్నాడు చివరికి. ఎగిరి గంతేద్దామనుకున్నదాన్ని, ఆ మొహం చూసి ఊరుకున్నాను.

అత్తమ్మ కొత్తిమీర వాసన చూసుకుని "సరే, రంగునీళ్లు గాదు. మరి పేరేంది?" అంది. మళ్లీ మొదటికే వచ్చాం. ఆ మధ్యాహ్నమే ఇంటి ఓనరు తల్లి, అందరం బా అని పిలిచే గుజరాతీ ముసలామె, సున్నం ఎక్కడెక్కడ వేయాలో చూడటానికి వచ్చింది. తీగను చూడగానే "అరే, ఆ తో మధుమాలతీ ఛే!" అని ఒక గుత్తి తెంపి వాసన చూసింది. ముందు తెలుపు, తర్వాత గులాబీ, తర్వాత ఎరుపు, దాని తీరే అంతట, వాళ్ల ఊళ్లో ఇంటికొకటి ఉంటుందట, ఆమె మాటలు మా ఆయనే మాకు తెలుగులో చెప్పాడు. ఇంత కథా నడిపించిన మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తమ్మ ఆ పేరును రెండుసార్లు పలికి చూసింది. "మధుమాలతి... ఆడిపిల్ల పేరు లెక్కున్నది. పేరు పెట్టి పిలిచినంక ఎట్ల కోస్తమే?" అంది. మర్నాడు సున్నం వేసేవాడు తీగ చుట్టూ గీసినట్టు వేసుకుంటూ పోయాడు. మిల్లులో మాత్రం "ఉస్తాద్, ఇయ్యాల ఏ పువ్వుకు రంగేసినవ్?" అని ఆర్నెల్లు ఏడిపించారు మా ఆయన్ను.

ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ తీగ కొమ్మే తెచ్చి ఇప్పుడున్న ఇంటి ముందు నాటాను. మొన్న మా అమ్మాయి ఫోన్ దాని ముందు పెట్టి "అమ్మా, తెలుగుల దీన్ని రాధామనోహరం అంటరట. తెల్లగున్నప్పుడు రాత్రి తిరిగే పురుగులొస్తయట, ఎర్రగైనంక తేనెటీగలట" అని చదివింది. "నీ ఫోనుకేం తెలుసు బిడ్డా, అది మీ నాయిన రంగు" అన్నాను. ఇరవై ఏళ్లప్పుడు దారం పట్టుకుని ఆయన్ను ఓడించినదాన్ని, ఈ వయసులో ఆయన తరఫున వాదిస్తున్నాను. ముడి చూపించి కాదనడానికి ఎవరున్నారు? ఇదిగో, మా అమ్మాయి రాయడం ఆపి నా మొహం చూస్తోంది.

"ఏం జూస్తవే, రాయి. పక్కా రంగు అని రాయి."