తాలీం గుండు తూకం

ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు. గొప్పకు చెప్పడం లేదు, నేను చేసిన ఉద్యోగం అట్లాంటిది. కర్నూలులో ఒక వేరుశనక్కాయల మండీలో కాటా దగ్గర తూకం వేసేవాణ్ణి. రైతు బస్తా దించగానే అడుగున మట్టిబెడ్డలు ఉన్నాయేమోనని చేయి దూర్చి చూసేవాణ్ణి. బరువు కోసం నీళ్ళు చల్లారేమోనని నాలుగు కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాణ్ణి. ఎండిన కాయ గలగలమంటుంది, తడిసిన కాయ నోరు మూసుకుంటుంది. ఇక వ్యాపారులు తూకపు రాళ్ళు తెస్తే ముందు వాటిని బోర్లించి అడుగు చూసేవాణ్ణి. ఇనప రాయికి అడుగున చిన్న గుంత ఉంటుంది, బరువు సరిచేయడానికి అందులో సీసం పోస్తారు. మోసం చేయదలచుకున్నవాడు ఆ సీసాన్నే తవ్వుతాడు. పైనుంచి ఎంత చూసినా ఏమీ తెలియదు. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే ఇంట్లో మా ఆవిడ కొన్న పెరుగు ముంతను కూడా ఎత్తి అడుగు చూసేవాణ్ణి. ఆమెకు ఒళ్ళు మండేది.

అప్పుడు నాకు పాతికేళ్ళు దాటాయి. కర్నూలు రాజధాని అయింది. ఊరి చుట్టూ గుడారాల్లో ఆఫీసులు, వీధుల్లో కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు. మా పాతూరు మాత్రం అట్లాగే ఉంది. మా వీధి చివర తాలీం ఉండేది. తాలీం అంటే మగవాళ్ళు కసరత్తు చేసే చోటు. నాలుగు మట్టిగోడలు, మధ్యన ఎర్రమట్టి గోదా, మూలన ఆంజనేయస్వామి పటం. సాయంత్రం మండీ మూశాక నేనూ వెళ్ళి దండీలు, బస్కీలు తీసేవాణ్ణి.

అక్కడ చెమటకంటే కోతలు ఎక్కువ కారేవి. మా వీధి దర్జీ ఒకడు ఉండేవాడు. లంగోటా కట్టుకుంటూ మొదలుపెట్టేవాడు.

"పత్తికొండ కాడ మా మామోళ్ళ ఊర్లో పన్నెండు మణుగుల గుండును భుజం మీంచి యెనక్కి ఏసినానప్పా."

"చూసినోళ్ళు ఎవరు?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"మా మామ."

"ఆయప్ప యాడుండాడు?"

"పోయినేడు సచ్చిపోయినాడు."

మా తాలీంలో పెద్ద బరువులకు సాక్షులుగా నిలిచినవాళ్ళంతా ఏదో ఒక రోగంతో పోయినవాళ్ళే. బరువులు కూడా ఉన్నచోట ఉండేవి కావు. ఎత్తిన రోజు ఏడు మణుగులున్న బండి ఇరుసు వారానికల్లా ఎనిమిది అయ్యేది, నెల తిరిగేలోగా దానికి చక్రాలు కూడా వచ్చేవి. మణుగంటే ఈ కాలం లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. మణుగుకు ఎనిమిది వీశెలు. వీశె తప్పినా నిద్రపట్టని నాకు ఆ మాటలు వింటుంటే అరికాళ్ళు దురద పెట్టేవి.

వస్తాదు మాత్రం ఏనాడూ గొప్పలు చెప్పుకోలేదు. అరవై ఏళ్ళ మనిషి, తెల్లటి మీసం, మెడ కనపడని భుజాలు. మాకు కసరత్తు నేర్పేది ఆయనే. మిగతావాళ్ళు గప్పాలు కొడుతుంటే మీసం కింద నవ్వి ఊరుకునేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీదే ఎక్కువ అనుమానం ఉండేది. గొప్ప చెప్పుకోని మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

తాలీంలో ఒక గుండు ఉండేది. నల్లరాయి, కోడిగుడ్డు ఆకారం, అడుగు ఎప్పుడూ ఇసుకలో కూరుకుని ఉండేది. అది పది మణుగులని అందరూ అనేవారు. తూచినవాడు లేడు. అది స్వామి గుండు కాబట్టి కాటాకెక్కించకూడదని కట్టుబాటు. తూచకూడదు అన్న ప్రతిదాని వెనకా ఏదో ఉంటుందని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఉగాది రోజు వస్తాదు ఆ గుండును ముందుగా భుజానికెత్తాలి, తర్వాతే శిష్యులు ప్రయత్నించాలి. ఎత్తలేని ఏడు తాలీం తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోతానని ఆయనే ఎప్పుడో మాటిచ్చాడు.

ఒక ఉగాదికి నేను ఆ గుండెత్తాను. మొదటిసారి. భుజం మీద పడగానే కళ్ళు చీకట్లు కమ్మాయి కానీ నిలబడ్డాను. మెడలో దండ వేసి వీధంతా తిప్పారు. మండీ యజమాని వచ్చిన ప్రతి రైతుకూ నన్ను చూపించాడు. మా ఆవిడ వాళ్ళ నాన్నకు రాజంపేటకు ఉత్తరం రాయించింది. పది మణుగులు ఎత్తినవాడినని నేను కూడా కనీసం వందమందికి చెప్పి ఉంటాను. ఆ సంతోషం నేను దాచుకోను, అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

పదిహేను రోజుల తర్వాత మండీకి చింతపండు మూట ఒకటి వచ్చింది. నేనే తూచాను, సరిగ్గా పది మణుగులు. సరదాకు ఎత్తబోయాను. మోకాలు దాటి రాలేదు. జ్వరం వచ్చేటట్టుంది అనుకున్నాను. ఊరందరి అబద్ధాలు పట్టుకునే నేను ఆ జ్వరాన్ని ఇట్టే నమ్మేశాను. జ్వరం రాలేదు.

మళ్ళీ ఉగాది వచ్చింది. పండగకు మూడు రోజుల ముందు గుండును బండి మీద వస్తాదు ఇంటికి చేర్చడం ఆచారం. ఆయన భార్య దానికి స్నానం చేయించి, నూనె, సిందూరం పూస్తుంది. ఆ మూడు రోజులూ వస్తాదు నిష్ఠతో తాలీంలోనే ఉంటాడు, ఇంటి గడప తొక్కడు. మండీ యజమాని పూజకని ఒక డబ్బా నూనె పంపిస్తే నేను తీసుకెళ్ళాను.

వీధిలోకి రాగానే ఆ ఇంట్లోనుంచి ఉలి చప్పుడు వినిపించింది. మా వీధుల్లో ఆ చప్పుడును ఎవరూ పట్టించుకోరు. రాళ్ళు కొట్టే వడ్డె అతను వచ్చి విసుర్రాయికి గంట్లు పెడుతున్నాడు అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుందును. కానీ వాకిట్లో వాళ్ళ విసుర్రాయి గోడకానుకుని ఉంది, దాని మీద దుమ్ము కూడా చెదరలేదు. మరి గంట్లు దేనికి?

పెరట్లోకి వెళ్ళాను. స్వామి గుండు బోర్లించి ఉంది. వడ్డె అతను దాని అడుగున ఉలి పెట్టి పెచ్చులు లేపుతున్నాడు. వస్తాదు భార్య చాటలో ఆ పెచ్చులు ఎత్తుతోంది. ఆమెను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం. నన్ను చూసి చాట కింద పెట్టేసింది.

"ఏందమ్మా ఈ పని?" అన్నాను. నా గొంతు నాకే పోలీసువాడి గొంతులా వినిపించింది.

"అరవొద్దు నాయనా. కూసో, చెప్తా."

ఐదారేళ్ళ కిందట గుండెత్తి ఇంటికొచ్చిన రోజు వస్తాదు నెత్తురు కక్కాడట. మళ్ళీ ఎత్తితే దక్కవని వైద్యుడు చెప్పాడట. ఆయన వినలేదు. అందుకని ఆ తర్వాతి ఉగాది నుంచి ఏటా మూడు వీశెలంత రాయి ఆమె తీయిస్తోంది. చెక్కిన చోట సిందూరం మందంగా మెత్తుతుంది, ఆపైన అడుగు ఎప్పుడూ ఇసుకలోనే ఉంటుంది. ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా. ఈ ఏడాదిది ఐదోసారి.

అప్పుడు కూడా నేను నమ్మలేదు. మండీకి పరుగెత్తి, తోపుడు బండి మీద కాటా తెచ్చి, మూడు కొయ్యలు కట్టి వేలాడదీశాను. వడ్డె అతనూ నేనూ గుండును తట్టలోకి దొర్లించాం. ఎనిమిది మణుగుల ఒక వీశె. తీసిన పదిహేను వీశెలు కలిపితే సరిగ్గా పది. ఒకప్పుడు వస్తాదు ఎత్తింది నిజంగానే పది. కిందటేడు, నాలుగుసార్లు చెక్కాక, నేను ఎత్తింది మాత్రం ఎనిమిదిన్నర. తల కొట్టేసినట్లయింది.

ఆమెకు నా సంగతి పట్టలేదు. ఆమె బాధ వేరే ఉంది.

"బనగానపల్లె వాళ్ళు కబురు పంపినారు. తిరనాళ్ళలో వాళ్ళ గుండు ఎత్తల్లంట. అది మామిడికాయల మండీలో తూచి పెట్టిన గుండు, కరెక్టుగా పది మణుగులు. ఈయప్ప, మనది పదే, వాళ్ళదీ పదే, ఎత్తి వస్తా అంటాండాడు. ఎత్తితే దక్కడు నాయనా."

"నువ్వు చెప్పకూడదా అమ్మా?"

"నేను చేసిన పని తెలిస్తే నా మొకం చూడడు. నువ్వు చెప్పు. నీ కాటా మాట ఊరంతా నమ్ముతాది. గుండు అరిగింది వస్తాదూ, ఎనిమిదే ఉండాదని చెప్పు. ఇన్నేండ్లు దొర్లిస్తాంటే రాయి అరగదా? నీ మాటంటే ఇంటాడు, ఇంగ ఆడికి పోడు."

"చెప్తానమ్మా," అన్నాను. ఆ క్షణంలో నిజంగానే చెబుదామనుకున్నాను.

ఉగాది రోజు తాలీం కిక్కిరిసింది. మా ఆవిడ కిందటేడు రాయించిన ఉత్తరం చదువుకుని మా మామగారు రాజంపేట నుంచి వచ్చారు, అల్లుడు పది మణుగులెత్తడం కళ్ళారా చూడాలని. వస్తాదు గుండును పొట్ట దాకా, రొమ్ము దాకా, భుజం దాకా తెచ్చాడు. తొడలు వణికాయి. దించి, మట్టి దులుపుకుంటుండగా కోస్తా గుమాస్తా ఒకాయన మర్యాదగానే అడిగాడు.

"ఇది నిజంగా పది మణుగులు ఉంటుందంటారా?"

జనం గొణిగారు. వస్తాదు నవ్వాడు.

"కాటాకెక్కించేది మా ఆచారం కాదు సామీ. అయినా మాకు కాటా ఎందుకు, మా కాటావోడు ఈడే ఉండాడు. వానికి కంటి చూపు సాలు. ఏమప్పా, నాకూ ఈ మధ్య రాయి తేలిగ్గా ఉన్నట్టే ఉండాది. నువ్వే చెప్పు, ఎంతుంటాది?"

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆయన కళ్ళలో నవ్వు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. గుమ్మం బయట ఆడవాళ్ళలో వస్తాదు భార్య హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది. దర్జీ చూస్తున్నాడు, మండీ యజమాని చూస్తున్నాడు. మా మామగారు పక్కవాడికి నన్ను చూపించి ఏదో చెబుతున్నారు.

"పది మణుగులకు వీశె కూడా తగ్గదు వస్తాదూ," అన్నాను.

"అట్ల చెప్పు!" అని ఆయన నా వీపు మీద ఒకటి చరిచాడు. ఆమె తల తిప్పేసుకుంది. తర్వాత నేను గుండెత్తాను. కిందటేటికంటే తేలికగా లేచింది. చప్పట్లు మోగాయి, మా మామగారి కళ్ళు చెమర్చాయి.

పెద్దాయన పరువు పోకూడదని అట్లా చెప్పానని ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన పరువు నాకు ఆ నిమిషంలో గుర్తుకు కూడా రాలేదు. జీవితమంతా వేసిన తూకాల్లో నేను తెలిసి తప్పు చెప్పినది అప్పటికి అదొక్కటే, అదీ నా గొప్ప కోసం.

బనగానపల్లెకు అందరూ వెళ్ళారు. మండీలో సరుకు దిగుతుందని సాకు చెప్పి నేను ఆగిపోయాను. తిరిగొచ్చి సంగతి చెప్పినవాడు దర్జీ. గుండు రొమ్ము దాకా వచ్చిందట, అక్కడ ఆగిపోయిందట, ఆయన దాంతోపాటు వెనక్కి పడ్డాడట. దర్జీ ఒక్క మాట పెంచలేదు. అట్లా తక్కువ గొంతుతో, ఎవరెవరు చూశారో పేర్లతో సహా చెబుతుంటే, ఇది నిజమేనని నాకు వెంటనే తెలిసిపోయింది.

ప్రాణం పోలేదు. నడుము పోయింది. వస్తాదు మంచం మీద నుంచి మళ్ళీ లేవలేదు. నెల దాకా ఆ ఇంటివైపు వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. వెళ్ళిన రోజు ఆయనే నా చేయి పట్టుకున్నాడు.

"నాకు అనుమానంగా ఉండాదప్పా. మన పది మణుగుల గుండు నేను మొన్ననే ఎత్తినా. నువ్వే గదా చెప్పింది. మరి వాళ్ళ పది ఎందుకు లేయలే? ఆ రాయిలో ఏందో మోసం ఉండాది. నువ్వు పోయి తూచి రా. నీ మాటైతే నమ్ముతా."

నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. మరుసటి ఆదివారం బండి కట్టించుకుని, కాటా వేసుకుని బనగానపల్లె వెళ్ళాను. ఆ ఊరివాళ్ళు అడ్డు చెప్పలేదు, వాళ్ళే సాయం పట్టారు. నేను మాత్రం అలవాటు కొద్దీ గుండును బోర్లించి అడుగు చూశాను. ఉలి గాటు ఒక్కటి లేదు. సరిగ్గా పది మణుగులు.

సాయంత్రానికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

"పన్నెండు మణుగులు వస్తాదూ," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలే! పన్నెండు మణుగులను రొమ్ము దాకా తెచ్చినా చూడు నేను! ఈ వయసులో!" అన్నాడు. అప్పటి నుంచి పోయేదాకా పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ ఆ పన్నెండు మణుగుల సంగతి చెప్పేవాడు. ఏనాడూ గొప్ప చెప్పుకోని మనిషి. అనుమానమున్నవాళ్ళు వచ్చి నన్ను అడిగేవారు, నేను తలూపేవాణ్ణి.

ఆ సాయంత్రం నేను బయటికి వస్తుంటే ఆమె అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. లోపలి మాటలన్నీ విన్నట్టుంది. నన్ను తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. చాటలోనుంచి తలెత్తకుండానే అంది.

"ఈ పొద్దు పన్నెండు అంటివి. ఆ పొద్దు ఎనిమిది అనింటే సాలు గదప్పా."