రాములను వేరు చేసిన సమ్మన్న

మా సమ్మన్న ఇక లేడు. మొన్న పొద్దున టేకులపల్లిలో బస్సెక్కుతూ గుండె ఆగి కూలిపోయాడని ఫోన్ వచ్చింది. అశనిపాతం లాంటి ఆ వార్త వినగానే నా నోట వచ్చిన మొదటి మాట "మరి సర్వర్ సంగతేంది?" అని. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కొత్తగూడెంలోని మా చిన్న రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూసినవాడు, నాకు ఆ విద్య నేర్పిన గురువు ఆయన. బొగ్గుగని కార్మికుని కొడుకు, మితభాషి, నిగర్వి. పాత సర్వర్ ముసలిదైపోతే, అందరి రక్తపరీక్షల వివరాలుండే డేటాబేస్‌ను కొత్త సర్వర్‌లోకి మార్చే పని పెట్టుకున్నాం.

భద్రాద్రి రాముడి నీడన పుట్టినవాళ్లలో సగం మంది రాములు, సీతమ్మలే. పుట్టినరోజు తెలియదన్న ప్రతివారికీ జనవరి ఒకటి అని వేసింది నేనే. ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే తేదీ కనబడేసరికి కొత్త సాఫ్ట్‌వేర్ "వీరిని కలపమంటారా?" అని అడిగింది. అవునని నొక్కిందీ నేనే. ముగ్గురు రాముల రక్తం ఒక్క రాములు ఖాతాలో పడింది.

సమ్మన్న కోప్పడలేదు. "చెల్లె, మనం సూది గుచ్చింది పేరుకా, మనిషికా?" అన్నాడంతే. మర్నాటి నుంచి పాత సర్వర్‌లో చూసుకుంటూ, అనుమానం వచ్చిన చోటికల్లా తానే గూడేలకు వెళ్లి మనుషులను కళ్లారా చూసి ఒక్కొక్కరినీ విడదీశాడు. ఆ తిరుగుడులోనే పోయాడు. "కొత్తది నిలబడేదాక పాతదాన్ని నమ్ముకోకు, నకలు తీసి బయట పెట్టు" అని రోజూ చెప్పేవాడు. నేను రేపు, రేపు అంటూ వచ్చాను.

ఆయన అంత్యక్రియల నాడు కరెంటు పోయి వచ్చింది. పాత సర్వర్ మళ్లీ లేవలేదు. ఇంకా సగం మంది కలిసే ఉన్నారు.

నిన్న ఒక సీతమ్మ వచ్చింది. సికిల్ సెల్ జబ్బు మనిషి, మాటిమాటికీ రక్తం ఎక్కించుకోవాల్సిందే. రేపు దవాఖానాలో రక్తం ఎక్కిస్తారట, పాత కాగితం తెమ్మన్నారట. కొత్త దాంట్లో నలుగురు సీతమ్మలు ఒక్కరై ఉన్నారు. గ్రూపు మళ్లీ తీయగలం. కానీ గ్రూపు కలిసినా ఇదివరకు ఆమెకు ఏ రక్తం పడలేదో మళ్లీ గుచ్చినా తెలియదు.

"సమ్మన్న లేడా? మా ఇంటికొచ్చిండు, నేనెవరో ఆయనకెరుకే" అందామె, చెయ్యి చాపుతూ.

సమ్మన్నా, నీకు దండం. ఆమె ఎవరో తెలిసిన ఒక్క మనిషినీ మట్టిలో పెట్టి వచ్చామని ఆమెకు నేను చెప్పలేకపోయాను.