హార్లన్ ఇంటి ముందు తొట్టి

చెత్త తొట్టి తెచ్చిన లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కడ దించమంటారు?" అని అడిగాడు.

"మీకెక్కడ వీలైతే అక్కడ. నాకేం పర్వాలేదు" అన్నాడు హార్లన్ వీన్‌స్ట్రా.

మా మిన్నెసోటా వాళ్ళ పెంపకం అలాంటిది. గొంతు పట్టుకున్నవాణ్ణి కూడా కాస్త వదలమని అడగం, వాడికేం ఇబ్బందో అనుకుంటాం. డ్రైవరుకి వీలైన చోటు సరిగ్గా గ్యారేజీ తలుపు ముందు. నేల పాడవకుండా చెక్కలు పరిచి, గదంత ఇనప తొట్టిని తలుపుకి ఆనించినట్టు దించాడు. లోపల హార్లన్ కారుంది. ఆ ముక్క చెప్పడానికి అతను నోరు తెరిచాడు కూడా. అప్పటికే డ్రైవరు కొక్కెం విప్పేస్తున్నాడు. పాపం మళ్ళీ ఎత్తమంటే ఏం బావుంటుందని నోరు మూసుకున్నాడు.

ఇంటి కప్పు మీది పాత తారు పలకలు పీకి పారెయ్యడానికి ఆ తొట్టిని అద్దెకు తెచ్చారు. రెండు రోజుల పనే అన్నారు పనివాళ్ళు. సగం కప్పు పీకేసరికి వాన పట్టుకుంది. వాళ్ళు పైన నీలం పట్టా కప్పేసి వెళ్ళిపోయారు. హార్లన్ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని తొట్టిని చూస్తూ ఉండిపోయాడు. జీవితమంతా బడి బస్సు నడిపి ఊరి పిల్లలందరినీ గుమ్మాల్లో దించిన మనిషి, సొంత గుమ్మంలోంచి కదల్లేకపోయాడు.

ఎక్కడికో షికారుకి కాదు. ఊరి అవతల, హైవే పక్కన ఉన్న వృద్ధాశ్రమంలో అతని భార్య ఆర్డిస్ ఉంది. పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. హార్లన్ తుంటి అతని బరువే మొయ్యదు. రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటేనే ఆమె నాలుగు ముద్దలు తినేది. ఇప్పుడు ఫోన్ చేస్తే నర్సు, "కొంచెం తిన్నారండీ" అంటోంది. ఆ కొంచెం ఎంతో అతనికి తెలుసు.

దీనికంతటికీ మూలం ఒక అబద్ధం. అక్కడ చేర్చిన రోజు ఆర్డిస్ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. "ఇల్లు కారుతోందే. కప్పు వేయించగానే తీసుకెళ్తాగా" అన్నాడు. అప్పట్లో కారేది ఒక్క మూల, దానికో గిన్నె పెడితే సరిపోయేది. ఆ గిన్నె చాటున ఇన్నాళ్ళూ దాక్కున్నాడు. కానీ అతను వెళ్ళినప్పుడల్లా ఆమె, "కప్పు మొదలుపెట్టావా?" అని అడుగుతూనే ఉంది. చివరికి ఆ కళ్ళల్లోకి చూడలేక నిజంగానే పనివాళ్ళని పిలిచాడు. కప్పు పూర్తయ్యాక ఏం చెప్పాలో మాత్రం ఆలోచించలేదు.

వాన తగ్గింది, కొత్త కప్పు పడింది. తొట్టి మాత్రం కదల్లేదు. ఈలోగా వీధిలో వాళ్ళకి అందులో చోటు కనబడింది. ఒకరు పరుపు పడేశారు, ఇంకొకరు విరిగిన గడ్డి కోసే యంత్రం. ఎదురింటి కొలీన్ ఏకంగా సోఫానే ఎక్కించింది. డ్రైవరు వచ్చి చూసి, "అంచు దాటితే ఎత్తను. రోడ్డు మీద పడితే నా పీకకి చుట్టుకుంటుంది" అన్నాడు.

"పర్వాలేదండీ" అన్నాడు హార్లన్. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

ఆ పూటే కొలీన్ ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల క్యాసరోల్ గిన్నె పట్టుకుని వచ్చింది. సోఫా గురించి మొహం చెల్లక వచ్చిందని గిన్నె బరువే చెబుతోంది. "మీకేమైనా కావాలంటే చెప్పండి హార్లన్ గారూ" అంది.

ఈ మాటకి మా దగ్గర జవాబు ఒక్కటే. హార్లన్ కూడా "అబ్బే, ఏం అక్కర్లేదమ్మా" అనేశాడు. ఆమె మెట్లు దిగుతోంది. అతను తలుపు పట్టుకుని వెనక్కి పిలిచాడు.

"కొలీన్. నన్నొకసారి ఆర్డిస్ దగ్గర దించుతావా?"

ఆమె వెనక్కి తిరిగి, "నేను రోజూ పనికి ఆ ఆశ్రమం ముందు నుంచే పోతాను కదండీ. చిన్నప్పుడు మీ బస్సు అందకపోతే నా కోసం ఆపేవారు. ఒక్క మాట అంటే ఏం పోయేది?" అంది. ఆమెకి కోపమొచ్చింది. అప్పటికప్పుడే కారెక్కించుకుంది. దారిలో కూడా పోట్లాడినట్టే మాట్లాడింది. "సాయంత్రానికి ఆ సోఫా నేనే తీసేస్తాను. మిగతావి ఎవరివి వాళ్ళ చేత తీయిస్తాను. మీరు నోరెత్తకండి చాలు."

ఆర్డిస్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. చిక్కిపోయింది. హార్లన్‌ని చూసి నవ్వలేదు.

"కప్పు అయిందా?"

హార్లన్ నోరు విప్పేలోపే, కొలీన్ మంచి మాట చెప్పాలన్న ఆత్రంతో, "అయిపోయిందండీ. కొత్త కప్పు భలే ఉంది, చుక్క కారదు" అనేసింది.

"అయితే కోటు తీసుకురా. పోదాం" అంది ఆర్డిస్.

"తొట్టి అడ్డంగా ఉందే. గ్యారేజీలోంచి కారు రాదు" అన్నాడు హార్లన్. ఇన్ని రోజులు తిట్టుకున్న ఆ ఇనప తొట్టిని ఇప్పుడు సాకుగా రెండు చేతులా పట్టుకున్నాడు.

"తియ్యమని అడిగావా?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

"అడగవు నువ్వు. అడగలేక ఆకలితోనైనా పడుకుంటావు. నీతో కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా? ఇలా ఇవ్వు ఫోను."

పని చేసే చెయ్యి చాచింది. ఆ చేతిని చూస్తూ, ఇంటికి తీసుకెళ్ళలేనన్న నిజం ఎక్కడ మొదలుపెట్టాలో హార్లన్‌కి తెలియలేదు. తొట్టి వాళ్ళ నెంబరు నొక్కి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. అంచు దాటిన సామాను సాయంత్రానికి తీయిస్తానని కొలీన్ ఆమె చెవిలో చెప్పింది.

"నేను హార్లన్ వీన్‌స్ట్రా భార్యని. మా వాకిట్లో మీ తొట్టి ఉందట" అంది ఆర్డిస్. మాట కాస్త ముద్దగా వచ్చినా తడబడలేదు. "పైన ఉన్న సామాను ఈ అమ్మాయి తీయిస్తుంది. దాన్ని పట్టుకెళ్ళండి. నేను ఇంటికి వెళ్ళాలి."

అవతలి మాట విని, ఫోను భర్తకి తిరిగిచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం విచ్చుకుంది.

"రేపు పొద్దున్నే వస్తారట" అంది. "చూశావా, అడిగితే అయిపోయేదానికి ఇంత తిప్పలా!"