నా భార్య పక్కన ఖాళీ పీట

ముప్పై ఎనిమిది క్రిస్మస్‌లు గడిచినా నా భార్య పుట్టింటివాళ్లు నాచేత ఒక్క గవ్వ చేయించలేదు. ఇది అన్యాయం. మర్యాద పేరుతో చేసిన అన్యాయం.

గవ్వలంటే పిండివంటే. కానీ నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న ఆ ఇంట్లో గవ్వలు చేయడమే అసలు పండుగ. ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం లోపలి గదిలో దుప్పటి పరిచి, చుట్టూ పీటలు వేసి, అక్కాచెల్లెళ్లు, తమ్ముడు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. చిన్న పిండి ఉండను గీతల చెక్కమీద బొటనవేలితో నొక్కి లాగితే గవ్వలా చుట్టుకుంటుంది. ఏడాది ముచ్చట్లన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే వెళ్లబోసుకుంటారు. మర్నాటి చర్చి, బిర్యానీ అన్నీ ఆ తర్వాతి సంగతులు.

మరి నేను? ముందుగదిలో, ఇంట్లోకెల్లా మంచి కుర్చీలో. చేతిలో పేపరు. అందరికంటే ముందు నాకే గాజు ప్లేటులో కేకు ముక్క. "మీరు జర ఆరాంగ కూసోండ్రి బావా" అంటూ నా బావమరిది ఫ్యాను నావైపు తిప్పి పోతాడు. డిసెంబరులో ఫ్యాను!

గోడ అవతల నవ్వులు. వాటిలో నా భార్య నవ్వు వేరుగా వినిపిస్తుంది. చాదర్‌ఘాట్‌లో మా ఇంట్లో ఆమె అలా నవ్వదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కొలిచి పోసినట్టు నవ్వుతుంది. ఒకసారి తమ్ముడు ఏడిపించాడు: "ఏంది అక్కా, నీ గవ్వ గిట్ల మూతి ముడుచుకున్నది? అచ్చం బావ లెక్క!" ఆమె విరగబడి నవ్వింది. నన్ను వెనకేసుకు రాలేదు. ఆ గవ్వను మర్నాడు నేనే తిని ఉంటాను.

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఏడో తరగతితో బడి మాని, అబిడ్స్ ఫుట్‌పాత్‌మీద ఆదివారాలు పాత పుస్తకాలు ఏరుకుని చదువుకున్నవాణ్ని. చదివింది మరచిపోను, చూసింది మరచిపోను. మొదటి క్రిస్మస్‌కని అబిడ్స్‌లో కుట్టించుకున్న బూడిదరంగు ప్యాంటు మడత ఇప్పటికీ కళ్లముందుంది. ఆ ఇంట్లో కలిసిపోవాలని అదే ఫుట్‌పాత్‌మీద బైబిలు కొని మొదటి నుంచి చివరిదాకా చదివాను. వాళ్లలో ఎవరూ అంత చదవలేదు. మాటల మధ్య ఒక వచనం అప్పజెబితే "అబ్బ, బావకెంత ఎరుక!" అని మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఇంకో ముక్క కేకు తెచ్చారు.

అన్నిటికంటే నన్ను కాల్చింది ఒక పీట. మంచినీళ్లకు లోపలికి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ని. నా భార్య పక్కన ఒక పీట, దాని ముందు గవ్వల చెక్క, మనిషి మాత్రం లేడు. మా పెళ్లికి ముందే పోయిన మామగారిదనుకున్నాను. పోయిన మనిషికి చోటుంది, బతికున్న నాకు లేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ముఖమైనా చూడని ఆ పెద్దాయన మీద ఇన్నేళ్లూ కుళ్లుకున్నాను. అత్తగారు చనిపోయిన ఏడాది ఖాళీ పీటలు రెండవుతాయనుకున్నాను. ఒకటే ఉంది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

మొన్న క్రిస్మస్‌కు నా ఓపిక అయిపోయింది. పేపరు పడేసి లోపలి గది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

"వదినా, నేను ఈ ఇంటి మనిషిని కానా? పోయినోళ్లకు పీట ఏస్తరు, నన్నేమో ఇన్నేండ్లు గాడ కుర్చీల కూసోబెట్టిన్రు. ఏం పాపం చేసిన?"

నా భార్య తల ఎత్తలేదు, నవ్వు రాకుండా పెదవులు బిగబట్టింది. అత్తగారి తర్వాత ఆ ఇంటికి పెద్దయిన మా వదిన, నా భార్య పెద్దక్క, చేతికంటిన పిండి నెమ్మదిగా దులుపుకుంది.

"పోయినోళ్లకు మేమెందుకు ఏస్తం మరిదీ? గా పీట నీదే. మొదటేడు అమ్మ నీకే ఏసి పిలిచింది. 'కొత్త ప్యాంటు, పిండైతది' అని నువ్వే పొయ్యి కుర్చీల కూసున్నవ్. అమ్మ గప్పుడే మాకు చెప్పింది, 'పిల్లగాన్ని మల్ల మల్ల పిలిచి సిగ్గుల పడెయ్యకుండ్రి, పీట మాత్రం తియ్యకుండ్రి. ప్యాంటు పాతగైనంక తనే వస్తడు' అని. ఇగ చేతులు కడుక్కొని రా."