పెన్సిలుతో రాసిన ఆదెమ్మ

పోయిన నెల కుడికంటికి శుక్లం తీయించుకుని ఇంట్లో కూర్చుని ఫోను చూసుకుంటుంటే, నేను మెడ ఒక పక్కకు వంచి, ఎడమకంటితో, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదువుతున్నానని మా కోడలు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ మెడ వంపు, ఆ వేలు నావి కావు, ఆదెమ్మవి. మన ఈడువాళ్లకు కంటి ఆపరేషన్లు కొత్త కాదు, వయసుతో పాటు పాత ముఖాలు గుర్తుకు రావడమూ కొత్త కాదు గానీ, ఈ ముఖం సంగతి వేరు.

మాది హిందూపురం. నాయన బతికున్నన్నాళ్లూ పట్టుగూళ్ల మార్కెట్టులో బేరాలు చేసేవాడు. నేను చాలాకాలం పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చుని అరటిచెట్లూ మంగళవాద్యాలూ అమర్చినదాన్ని. పెళ్లిపిలుపులు ఫోన్లలోనే వెళ్లిపోవడం మొదలై ఆ పని పలచబడ్డాక, బెంగళూరు ఉద్యోగం మానుకుని ఊరికి వచ్చిన మా పెదనాయన కొడుకు ఒక మిద్దెగది అద్దెకు తీసుకుని, సెల్‌ఫోన్లకు యాప్‌లు తయారుచేసే కంపెనీ పెట్టి నన్ను రమ్మన్నాడు. లోపలి యంత్రాంగం తాను చూసుకుంటానని, అది వాడేవాళ్ల కంటికీ వేలికీ మనసుకూ ఎలా తగలాలో చూడడం నా పని అని చెప్పాడు. నలభై దాటాక కొత్త బడిలో చేరినట్టుండేది నాకు.

మాకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక షావుకారు కుటుంబానిది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్లలోనూ వాళ్లకు భోజన హోటళ్లుండేవి. రైల్లోనో బస్సులోనో కూర్చునే ఫోనులో భోజనం చెప్పేస్తే, దిగి వచ్చేసరికి వడ్డన సిద్ధంగా ఉండాలని వాళ్ల కోరిక. షావుకారుకేమో తెర అంచులన్నీ బంగారు రంగులో మెరవాలి, లెక్కలు చూసే ఆయన కోడలికేమో పని తొందరగా ముగియాలి, ఇద్దరి మధ్యా మా అన్న నలిగేవాడు. ఈ పని చెడితే మిద్దెగదికి తాళం వేసుకోవలసిందేనని ఇద్దరికీ తెలుసు.

తెర మీద గీత గీయకముందే, దాన్ని వాడబోయే మనుషులెవరో ఊహించి, ఒక్కొక్కరికీ పేరూ ఊరూ అలవాట్లూ ఇచ్చి కాగితం మీద రాసి గోడకు అంటించుకోమని అన్న చెప్పాడు. బెంగళూరులో అలాగే చేస్తారట. మారుస్తూ ఉండాలి గనక పెన్సిలుతోనే రాయమన్నాడు. ధర్మవరానికి ఒక చీరల వ్యాపారిని, హిందూపురానికి రోజూ బెంగళూరు బస్సెక్కే ఒక అమ్మాయిని తేలికగానే రాసేశాను. పెనుకొండకు మాత్రం, ఫోను అంటే బెదిరే పెద్దామె ఒకరుంటే మా అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో తెలుస్తుందని, ఆదెమ్మను రాశాను. అందరినీ వరసలతోనే చెప్పుకొస్తున్న నేను ఆమెకొక్కదానికే పేరు చెబుతున్నానంటే, ఆ పేరు నేను పెట్టిందే గనక.

ఆదెమ్మది బుక్కపట్నం, పనుల మీద పెనుకొండకు వస్తుంటుంది. కుడికంటికి ఆపరేషను అయింది గనక మెడ వంచి ఎడమకంటితో చూస్తుంది, వేలు పెట్టుకుని కూడబలుక్కుని చదువుతుంది. ఫోనును వక్కాకు పెట్టుకునే గుడ్డసంచిలో దాచుకుంటుంది. వంకాయ తింటే పెదాలు దురద పెడతాయి. భర్త లేడు, ఒక్కతే వచ్చి ఒక్క భోజనమే చెబుతుంది. ఇంతవరకు రాసి, ముఖం ఉండాల్సిన చోట కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత గీసి లోపల ఖాళీగా వదిలేశాను, బొమ్మలు గీయడం నాకు రాదు గనక. రోజంతా ఆ ఖాళీ ముఖం ఎదురుగానే కూర్చుని పనిచేసేదాన్ని. తెర మీద నొక్కే ఏ గుండీ ఎక్కడ పెట్టాలన్నా, ఇది ఆదెమ్మకు అర్థమవుతుందా అని పైకే అడిగేదాన్ని. కావలసినవన్నీ వేసుకోవడానికి యాప్‌లలో మామూలుగా ఉండే తోపుడుబండి బొమ్మ తీసేసి విస్తరాకు పెట్టింది ఆమె కోసమే. సంగటి నొక్కితే సంగటి ఆకు మీదికి వచ్చేది, ఊరిబిండి పచ్చడి నొక్కితే పక్కన చేరేది.

నమూనా తయారయ్యాక పెనుకొండ హోటలుకు వెళ్లి, వచ్చినవాళ్ల చేతికి ఫోనిచ్చి వాళ్ల వేళ్లు ఎక్కడ తడబడుతున్నాయో చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం జనం పలచబడే వేళకు బొట్టు లేని ఒక పెద్దామె లోపలికి వచ్చి, గోడ మీది పట్టికను మెడ ఒక పక్కకు వంచి చూసింది. చూసి, ఈ పూట కూరలో వంకాయ ఏమైనా కలిసిందా అని వడ్డించేవాణ్ని అడిగింది.

లేచి వెళ్లి, కొత్తది చేస్తున్నాం, ఒకసారి చూసిపెట్టమ్మా అని బతిమాలి ఆమె చేతిలో పెట్టాను. తన వక్కాకు సంచిని, అందులో గట్టిగా ఆనుతున్న తన ఫోనుతో సహా, ఒళ్లోకి జరుపుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. విస్తరాకు కనబడగానే, ముందు నీళ్లు చల్లుకోవాల గదా అంది. పేరు అడగకూడదనుకుంటూనే అడిగాను. ఊరూ అడిగాను. రెండూ నేను రాసినవే.

భర్త సంగతి నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఎప్పుడో గోడలు కట్టే బేల్దారి పనికని బెంగళూరు పోయాడట, గోడ కూలిందని కబురొచ్చిందట, మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఏళ్లు గడిచాక పెద్దలు చెప్పి బొట్టు తీయించారట. అంతా చెప్పి, నా ముఖంలోకి కాసేపు చూసి, మెల్లగా అంది.

"నన్ను ముందే ఎరిగినట్ల సూస్తాండావే తల్లీ. నాకూ నిన్ను యాడనో సూసినట్లే ఉండాది."

ఆ సాయంత్రమే రైల్లో హిందూపురం తిరిగొచ్చాను. అన్నతో చెబితే మొదట నవ్వాడు. తర్వాత, ఆ వైపు ఆ పేరువాళ్లు ఎందరో ఉంటారని, ఎప్పుడో బస్సులో ఆమె మాటలు చెవిన పడి ఉంటాయని, అదే కాగితం మీదికి వచ్చిందని సర్దిచెప్పాడు. అది నిజమే కావచ్చు. కానీ గోడ మీది ఆ ఖాళీ ముఖంలో ఇప్పుడు నాకు ఆమె ముఖమే కనబడేది. కాగితం మీది ఆమెకూ కళ్లతో చూసిన ఆమెకూ తేడా ఒక్కటైనా ఉంటే మనసు కుదుటపడుతుందనిపించి, భర్త లేడన్న మాట రబ్బరుతో తుడిచేసి, భర్త ఉన్నాడు, ఇద్దరూ కలిసి తింటారు అని రాశాను. అలవాటు లేనివాడు మనిషే కాదని అన్న అంటుండేవాడు గనక ఆ భర్తకూ ఒక అలవాటు కావాల్సి వచ్చింది. ఏమీ తోచక, మా నాయనది ఇచ్చాను. మా వైపు కంచాన్ని తట్ట అంటాం. నాయన తినబోయే ముందు తట్టను రెండు చేతులతో పట్టుకుని ఒక చుట్టు మెల్లగా తిప్పేవాడు, ఎందుకో మాకెవరికీ చెప్పలేదు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

తర్వాత కొన్ని వారాలు ధర్మవరం పనిలో పడిపోయాను. మగ్గాల చప్పుడు మధ్య చీరల వ్యాపారులు మా గంటమోత వినబడడం లేదంటే, ఆర్డరు సిద్ధమైతే ఫోను వణికేలా మార్చాం. షావుకారు కోడలికి అది నచ్చింది, పని నిలబడుతుందన్న ధైర్యం వచ్చింది. చివరిసారి సరిచూసుకోవడానికి మళ్లీ పెనుకొండ వెళ్లాను.

ఆదెమ్మ మునుపటి చోటే కూర్చుని ఉంది. నుదుట ఇంత కుంకుమ, చేతులకు కొత్త గాజులు. ఎదురుగా నెరిసిన జుట్టు మనిషి ఒకడు తల వంచుకుని కూర్చున్నాడు. హోటలంతా అప్పటికే ఆ కబురు తెలిసినట్టుంది, వడ్డించేవాళ్లు సంబరంగా చెప్పారు. పోయాడనుకున్న మనిషి తిరిగొచ్చాడట, ఎక్కడో కాఫీతోటల్లో ఉండిపోయాడట, ఊళ్లో వాళ్లందరినీ పేరు పేరునా పలకరించాడట. నేను ఆ మాటలు వింటూనే అతని చేతులు చూస్తున్నాను. సంగటి వచ్చింది. అతను తట్టను రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, ఒక చుట్టు తిప్పాడు.

మా నాయన చేతుల్లాంటివి కావవి, మొరటుగా, గోళ్లు చీలి ఉన్నాయి. అయినా ఆ తిప్పడం నాయనదే. చివర్లో చిన్నగా ఆగి, ఇంకొంచెం జరపడంతో సహా. ఏడుపొచ్చిందో భయమేసిందో ఇప్పటికీ చెప్పలేను.

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఆదెమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ముఖంలో సంబరమేమీ లేదు. లోతు తెలియని నీళ్లలో అడుగు పెట్టినదానిలా ఉంది.

"అన్నీ ఆయప్పవే తల్లీ. గొంతు ఆయప్పదే, మోకాటి మీది మచ్చ ఆయప్పదే, మా అవ్వ పేరు కూడా చెప్పె. ఈ తట్ట తిప్పేది ఒక్కటి మాత్రం మా ఆయప్పకు లేదు. ఇది యాడ నేర్చుకొనొచ్చెనో."

ఆమె జవాబు కోసం అడగలేదేమో, వక్కాకు సంచి ముడివేసుకుంటూ అతను వచ్చే వైపే చూస్తూ ఉండిపోయింది.

మరునాడు పొద్దున అందరికంటే ముందు మిద్దెగదికి వెళ్లి, రబ్బరు చేతిలో పట్టుకుని ఆ కాగితం ముందు నిలబడ్డాను. రెండు ముక్కలు తుడిచేస్తే చాలు. తుడిస్తే ఏమవుతుంది? ఏమీ కాదని తెలుసు, చదువుకున్నదాన్ని. కానీ బుక్కపట్నంలో ఆ వేళకు ఒక మనిషి నిద్ర లేచి ముఖం కడుక్కుంటూ ఉంటాడు, అతనెవరైనా సరే, ఊపిరి తీస్తున్న మనిషి. పోనీ తట్ట సంగతి ఒక్కటే తుడుద్దామంటే, అది నాయనది, దాన్ని తుడవడానికి నాకు మనసొప్పలేదు. అన్న మెట్లెక్కి వచ్చి నన్ను అలా చూసి, రబ్బరు చేతిలోంచి తీసుకుని సొరుగులో వేశాడు. యాప్ జనంలోకి వెళ్లాక ఆ మూడు కాగితాలూ ఎవరు తీశారో, ఏమయ్యాయో నాకు తెలియదు.

మళ్లీ ఆదెమ్మను చూసింది చాలాకాలం తర్వాత, అదే హోటల్లో. మా యాప్ తోనే, ఎవరి సాయమూ లేకుండా, ఇద్దరికీ భోజనం చెప్పుకుని వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది. అతను వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అడగాలా వద్దా అని నేను సతమతమవుతుంటే ఆమె గ్రహించి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఎవురైతేనేంలే తల్లీ. వానలో తడిసొస్తే తలుపు తీసి పెడ్తాండాడు, జరమొస్తే పక్కన కూసుంటాండాడు. ఇద్దరికీ వండుకుంటాండా. ఇంగ అడగొద్దు."

ఇద్దరూ తింటుంటే దూరంగా కూర్చుని చూశాను. అతను తట్ట తిప్పినప్పుడు ఆమె తన తట్టను కూడా అతని వైపు కాస్త జరిపింది, అతను దాన్నీ తిప్పాడు.

తర్వాత ఊరూరా పెద్ద కంపెనీల యాప్‌లు వచ్చి మాదాన్ని మింగేశాయి. అన్న మళ్లీ బెంగళూరు చేరాడు, నేను పని మానేశాను. ఇప్పుడు మా పని చేసే పిల్లలు ఎదురైతే అడిగి తెలుసుకుంటుంటాను. ఎవరినీ ఊహించుకోవలసిన అవసరం వాళ్లకు లేదట. ఎవరు ఎక్కడ వేలు పెట్టారో, ఎంతసేపు తటపటాయించారో అన్నీ వాటంతటవే లెక్కలుగా వచ్చి పడతాయట. కావాలంటే మనిషిని కూడా, ముఖంతో సహా, యంత్రమే క్షణంలో రాసిచ్చేస్తుందట. మంచిదే, పని తేలికైంది, తప్పులూ తగ్గి ఉంటాయి. మాకు తెలిసింది బహు తక్కువ. ఆ తక్కువతోనే ఒక మనిషికి ఊరూ పేరూ నోటికి సరిపడని కూరా ఇచ్చి, రోజంతా ఆమెతో మాట్లాడుతూ కూర్చునేవాళ్లం. ఆనాటి భయం ఈ పిల్లలకు లేదు, ఉండాలనీ నేను కోరను. కాకపోతే, ఒక మనిషిని గురించి రాయబోయే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగేదే, అది కూడా ఆ భయంతో పాటే వెళ్లిపోయిందేమోనని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.