పుల్లపిండిని చంపిన చెయ్యి

ఒక చిన్న జాడీ. మూతతో సహా ఒంటిచేత్తో ఎత్తొచ్చు. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, దించడానికి చోటు దొరకలేదు. మీ ముందు దించుతాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అదే మంచిది. తెలిసినవాళ్ళ దగ్గర నేను నోరు తెరిస్తే చాలు, మాట రాకముందే నవ్వుతారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదువు అబ్బలేదు గాని నోరు అబ్బింది. మా గాజువాక వైపు పెళ్ళయినా పేరంటమైనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. నవ్వించేవాడి తప్పులు ఎవరూ వెతకరు. ఆ సంగతి నాకు మరీ చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో రష్యా ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చి ఉండేవారు. వాళ్ళలో ఒకరింట్లో మా అమ్మ పనిచేసేది. ఆ ఇంటి దొరసాని బజారు రొట్టె ముట్టేది కాదు. ఇంట్లోనే చేసుకునేది, ఈస్టు కూడా వెయ్యకుండా. సీసాలో పిండీ నీళ్ళూ కలిపి పులియబెట్టడం, కావలసినంత వాడుకోవడం, మిగిలినదానికి రోజూ కాస్త కొత్త పిండి కలపడం. పెరుగుకి తోడు దాచుకున్నట్టే. వాళ్ళ దేశం ముక్కలైందని తెలిశాక వాళ్ళు సామాను సర్దుకున్నారు. వెళ్ళేముందు ఆవిడ ఆ పిండిలో సగం తీసి అమ్మ చేతిలో పెట్టి ఏడ్చిందట. ఇది మా అమ్మ నాకిచ్చింది, చావనివ్వకు అని ఆవిడ అందట. ఆవిడ ఏ భాషలో చెప్పిందో, అమ్మకి ఏ భాషలో అర్థమైందో! కాని ఆ మాట మీద అమ్మ నిలబడింది.

పింగాణీ జాడీలోకి మార్చి వంటింటి గూట్లో పెట్టింది. పుల్లపిండి అనేవాళ్ళం. వాళ్ళు రొట్టెకి వాడే రై అనే నల్లపిండి మనకెక్కడ దొరుకుతుంది? గోధుమపిండిలో గుప్పెడు చోడిపిండి, అదే రాగిపిండి, కలిపేది. కట్టెల పొయ్యి మీద పాత డేకిసా, అడుగున యారాడ సముద్రపొడ్డు ఇసుక, లోపల గిన్నె, మూత మీద నిప్పులు. అదే మా బేకరీ. పైన గట్టిగా, లోపల మెత్తగా, పుల్లగా వచ్చేది రొట్టె. చేపల పులుసులో ముంచుకుని తింటుంటే నా నోరు కూడా కాసేపు వేళాకోళాలు మానేసేది.

తర్వాత అన్నకి పెళ్ళయింది. వదిన సబ్బవరం అవతల పల్లెటూరి పిల్ల. నా మాటకి మాట తిరిగి అప్పజెప్పిన మొదటి మనిషి. అమ్మకి కీళ్ళనొప్పులు ముదిరాక జాడీని కోడలి చేతికిచ్చింది. బీరువా తాళాలిచ్చినా మా ఇంట్లో అంత గౌరవం కాదు. ఒక్కటే కట్టడి. నెలలో ఆ మూడు రోజులూ ఊరగాయలూ దేవుడి గూడూ ముట్టకూడదు కదా, జాడీ కూడా అంతే. ఆ రోజుల్లో పిండి కలపడం అమ్మ వంతు. కాని అమ్మ అప్పటికి సీతమ్మధారలో ఒకరింట్లో వంటకి కుదిరింది. పొద్దున్నే పోయి దీపాలవేళకి వచ్చేది, వచ్చి మర్చిపోయేది. వదిన చప్పుడు చెయ్యకుండా తనే కలిపేసేది. ఒకసారి నా కంట పడింది.

"ఆకలేసిన పిండికి రోజులేటి తెలుస్తాయి మరిదీ? మీయమ్మకి సెప్పకు," అని నవ్వింది.

చెప్పనన్నాను. ప్రతి నెలా ఆమె కలిపేది. ప్రతి నెలా రొట్టె పొంగేది. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా తప్పు బరువంతా ఇక్కడే ఉంది.

ఆ ఏడు తుపాను ముసురు పట్టింది. చలికి పిండి లేవలేదు. ఈ వేళ రొట్టె లేదు, రేపే అంది వదిన. "నీ పిండికి నీలాగే బద్దకం వదినా," అన్నాను. "నీకంటే నయమే, రేపైనా లేస్తాది," అంది. సరే, దీన్ని లేపి చూపిస్తానుండు అనుకున్నాను. ఆమె కొళాయికి వెళ్ళగానే మరుగుతున్న నీళ్ళు బేసిన్లో పోసి, జాడీని అందులో దించాను. బుడగలు లేచాయి. పిండి పొంగి మూత దాకా వచ్చింది. ఆమె మొహం ఎలా పెడుతుందో తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. అంతలో వీధిలోంచి ఎవరో పిలిచారు. వెళ్ళాను, కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి లోపల పిండి లేదు, ఉడికిన అంబలి ఉంది. గరిటెతో కలిపాను. అంచులు తుడిచి గూట్లో పెట్టేశాను. ఏటీ అవదులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? చేతులు కడుక్కున్నది గుర్తుంది. వాసన పోయేదాకా రుద్ది రుద్ది కడుక్కున్నాను. ఏమీ అవదనుకున్నవాడు అంతలా కడుక్కుంటాడా?

రెండు రోజులకి జాడీలో నల్లనీళ్ళు తేలాయి, కంపు కొట్టింది. వదిన ఎంత పిండి కలిపినా ఒక్క బుడగ రాలేదు. అమ్మ జాడీని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అమ్మీ, నిజం సెప్పు. ఆ రోజుల్లో దీన్ని ముట్టుకున్నావేటి?"

వదిన నావైపు చూసింది. భయంతో కాదు, నాకు తెలుసు కాబట్టి చూసింది. ప్రతి నెలా ముట్టుకున్నా ఏమీ కాలేదని చెప్పగల సాక్షిని నేనే. మరి నేనేం చేశాను?

"అమ్మా, అది రష్యా పిండి కదా, మన మైలలూ అంటులూ దానికేటి తెలుస్తాయిలే అనుకుంది వదిన. ఇన్నాళ్ళు మనింట్లో తిని అదీ మన మనిషైపోనాది!"

అన్న పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"అయితే ముట్టుకున్నావన్నమాట."

"ముట్టుకున్నానత్తా. పతీ నెలా ముట్టుకున్నాను."

"ఎన్నాళ్ళని ఓర్సుకుంటాది మరి," అంది అమ్మ.

అంతే. ఒక్క వేళాకోళంతో నా తప్పు కప్పుకున్నాను, ఆమె గుట్టు విప్పేశాను. అమ్మ కొడుతుందని భయపడలేదు. బడి మానేసి, పనిలో నిలవక తిరుగుతున్న నాకు ఆ ఇంట్లో ఉన్న విలువంతా నా నవ్వులే. ఆ నవ్వే జాడీని చంపిందని తెలిస్తే నాకింకేం మిగులుతుంది? ఇప్పుడిలా వివరంగా చెప్పుకుంటున్నాను గాని, అప్పుడు ఇంత ఆలోచించలేదు. నోరు దానంతటదే ఆడింది. అదే ఎక్కువ భయం నాకు.

ఆ నెల నుంచి వదిన మూడు రోజులూ పెరటి వసారాలో వేరే కంచంతో కూర్చుంది. మొదట అమ్మ మాట మీద కూర్చుందనుకున్నాను. కాదు, నమ్మేసింది. ఊరగాయకి బూజు పడితే నా చెయ్యే అనేది. పాలు విరిగినా నా చెయ్యే. మాటకి మాట అప్పజెప్పే మనిషి నా వేళాకోళాలకి ఊరికే తలూపడం మొదలుపెట్టింది. రొట్టె మళ్ళీ మా ఇంట్లో చెయ్యలేదు. అమ్మ పోయింది. కూర్చోమనే మనిషి లేకపోయినా వదిన వసారా మానలేదు.

అన్న కూతురు పెద్దమనిషయింది. అప్పటికి వేరే ఉంటున్న నేను పదో తరగతి పరీక్షల ముందు ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళేసరికి, ఆ పిల్ల వసారాలో చాప మీద పుస్తకాలేసుకుని కూర్చునుంది. జల్లు కొడుతోంది, పుస్తకాల అంచులు తడిసిపోతున్నాయి.

"చిన్నాన్నా, ముట్టుకుంటే పాడైపోవడం లాంటిదేటీ లేదని మా సైన్సు టీచరు చెప్తాది. అమ్మేమో కళ్ళారా చూశానంటాది. ఎవరి మాట నిజం?"

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నా నోటికి ఏ వేళాకోళమూ అందలేదు.

"ఆ పిండిని చంపింది నాను వదినా. యేణ్ణీళ్ళలో ఎట్టి ఉడికించేశాను."

పిల్ల లేచి నిలబడింది, పుస్తకాలు గుండెకి హత్తుకుని. వదిన తన చేతులకేసి చూసుకుంది. చిన్న గొంతుతో అడిగింది.

"మరైతే ఇన్నేళ్ళూ నాను ఊరికినే బయట కూకున్నానా?"

అవును అనాలి. ఒక్క మాట. ఆ మాట విని ఆమె కూలిపోతుందని జాలిపడ్డాను. అలా అని చెప్పుకుంటూ ఉంటాను. నిజం అది కాదు. ఆ కళ్ళు ఇక ముందు నన్నెలా చూస్తాయో అని జడిశాను. ఒళ్ళంతా కూడదీసుకుని నవ్వాను.

"వేళాకోళానికన్నాను వదినా. పిల్ల తడిసిపోతందని అల్లినాను."

ఆమె కూడా నవ్వింది. "నీ బుద్ధి మారదు," అంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వులో ఎంత ఊరట ఉందో చెప్పలేను. పిల్ల నన్నోసారి చూసి మళ్ళీ చాప మీద కూర్చుంది.

మొదటిసారి తెలీని వయసు అనుకున్నాను. రెండోసారికి ఏమనుకోను? ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తాను, అన్నం పెడుతుంది, తింటాను. చెప్పాలని వెళ్ళి నవ్వించి వస్తాను. మన్నించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి నవ్వు కలపకుండా రాయాలనుకున్నాను. పిండిని చంపింది నేను. వదిన చెయ్యి మంచి చెయ్యి. రాసేశాను. తేలిగ్గా ఉంది. బాగా మాత్రం లేదు.